దుంపలు దిగిన తోట

అనగనగా, అడవులు పెద్దవీ ఊళ్ళు చిన్నవీ అయిన కాలంలో, నెమలిదుర్గం అని ఒక రాజ్యం ఉండేది. దానికి రాజు చిత్రభానుడు. పేరుకు తగ్గట్టే అతనికి ఎండంటే ప్రాణం. అతని కోటలో ఎండ పడని గది లేదు, పూలు లేని వాకిలి లేదు. "ఇక్కడ పూయాలి" అని వేలు చూపిస్తే చాలు, నెల తిరిగేసరికి అక్కడ పూసేవి. కాదు, కుదరదు అన్న మాట అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

ఆ రాజుకి తల్లి ఉంది. పేరు నాచమాంబ. ఒక కార్తీకంలో ఆమెకి విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ కళ్ళు చెడ్డాయి. ఎండ పొడ తగిలితే చాలు, కళ్ళలో సూదులు గుచ్చినట్టయ్యేది. ఆమె గది కిటికీలు మూశారు. తలుపులకి తెరలు కట్టారు.

ముసలి వైద్యుడు వచ్చి చూసి, రాజుని పక్కకి పిలిచాడు.

"దాచి లాభం లేదు ప్రభూ. అమ్మగారి చూపు నూనె తగ్గిన దీపం. ఇంకో రెండు ఉగాదుల దాకా వెలుగుతుంది. ఆ పైన నేను చెప్పలేను. ఎండలోకి తీసుకువెళ్ళారా, ఆ ఉన్న నూనె కూడా ఒలికిపోతుంది."

రాజు నివ్వెరపోయాడు. ఈ మాటని ఎవరి మీద కోప్పడి మార్పించాలో అతనికి తెలియలేదు.

తల్లి గదిలోకి వెళ్ళాడు. ఆ చీకట్లో ఆమె గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది.

"భానూ, ఒక తమాషా విను. ఎరుపు ఎలా ఉంటుందో తలుచుకుందామని పొద్దుటినుంచీ తంటాలు పడుతున్నాను. నాలిక మీదికి కారం వస్తోంది గానీ కళ్ళ ముందుకి రంగు రావడం లేదు," అంది.

ఆమె నవ్వుతూనే అంది. రాజు గుండెలో మాత్రం రాయి పడింది. చూపు పోకముందే రంగులు పోతున్నాయన్నమాట. ఈ రెండు ఉగాదుల లోపల అమ్మకి రంగులన్నీ మళ్ళీ చూపించాలి. ఎండ తగలకుండా చూపించాలి. ఆనాటి నుంచీ అతనికి వేరే కోరిక లేదు.

కోటకి ఉత్తరాన, ఎత్తైన గోడ వెనక, నేరేడు చెట్లూ పనస చెట్లూ గుంపుగా పెరిగిన చోటు ఒకటి ఉంది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ దీపాలు పెట్టే వేళలా ఉంటుంది. దాన్ని చీకటి తోట అనేవారు. తోట అన్నది మాటవరసకే. నాచూ రాలిన ఆకులూ తప్ప అక్కడ ఏమీ లేదు. కానీ నాచమాంబ కళ్ళు నొప్పి లేకుండా తెరుచుకునే చోటు రాజ్యం మొత్తం మీద అదొక్కటే.

రాజు వనపాలకుడు పద్మాకరుణ్ణి పిలిపించాడు. చేతికి మట్టి అంటకుండా తోటపని చేయగల ఘనుడు అతను.

"ఇక్కడ పూలు పూయాలి. అన్ని రంగులూ ఉండాలి. ఏటేటా వాటంతట అవే పూయాలి."

"చిత్తం మహాప్రభూ. అదెంత పని," అన్నాడు పద్మాకరుడు.

మొదట బంతీ చామంతీ విరగబూసిన మొక్కల్ని బళ్ళకెత్తించి తెచ్చి నాటించాడు. నాచమాంబ వచ్చి కూర్చుని కళ్ళారా చూసింది. రాజు మురిసిపోయాడు. ఎనిమిదో రోజున అతనొక్కడూ వెళ్ళి చూస్తే, మొక్కలన్నీ సాగిలపడి ఉన్నాయి. కాడలు గడ్డిపోచల్లా సన్నబడి, గోడ సందులోంచి వచ్చే వెలుతురు వైపు పాక్కుంటూ పోయి, దారిలోనే ప్రాణాలు వదిలాయి. అతని పూలు అతని మాట వినకపోవడం అదే మొదలు.

"తప్పు పూలది కాదు ప్రభూ, చెట్లది," అన్నాడు పద్మాకరుడు. దక్షిణపు కొమ్మలన్నీ కొట్టించాడు. ఎండ దభాలున తోటలోకి దూకింది. కొత్తగా నాటిన మొక్కలు తలెత్తాయి. ఆ సంగతి తెలియని నాచమాంబ ఎప్పటిలా పల్లకీ దిగి ఒక్క అడుగు వేసిందో లేదో, రెండు చేతులతో కళ్ళు కప్పుకుని కూలబడిపోయింది. ఆ సాయంత్రానికి కుడికన్ను ఆరిపోయింది. రాజు కొయ్యబారిపోయాడు. అమ్మకి వెలుగివ్వబోయి తానే ఒక దీపం ఊదేశాడు.

మొదటి ఉగాది వెళ్ళిపోయింది. కొమ్మల్లేని చోట పందిరి వేసి తాటాకు కప్పారు. పద్మాకరుడు ఈసారి పట్టుపూలు కుట్టించి పుల్లలకి కట్టించాడు. నాచమాంబ ఒక పువ్వుని చేత్తో తడిమి చూసింది.

"దీనికి దాహం లేదురా భానూ," అని ఊరుకుంది.

మర్నాడు కురిసిన వేసవి జల్లుకి రంగులన్నీ కారి, పూలన్నీ కడిగిన గుడ్డపీలికలయ్యాయి.

"నీడలో పూలు పూయవు మహాప్రభూ. ఇది నా మాట కాదు, శాస్త్రం మాట," అన్నాడు పద్మాకరుడు.

అంతసేపూ వెనకాల వినిపిస్తున్న చీపురు చప్పుడు ఆగింది.

"ఆ శాస్త్రం అడవికి ఎవరూ చెప్పినట్టు లేరు బాబూ," అంది ఒక గొంతు.

ఆమె చుక్కమ్మ. అడవి అంచున పసుపు పండించే పల్లెలో పుట్టింది. కోటలో చీపురు పట్టి ఆకులు ఊడవడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళయింది. రాజు ఆమె గొంతు వినడం అదే మొదలు.

"ఏమన్నావు?" అన్నాడు.

"అడవిలో ఎండెక్కడిది దొరా? అయినా అక్కడ పూలు పూయడం లేదా? మీరేమో ఎండలో పుట్టినవాటిని తెచ్చి నీడలో పెట్టి పూయమంటారు. బాతుని పట్టుకొచ్చి తెల్లారగట్ల కొక్కొరొక్కో అనమన్నట్టుంది."

"నువ్వు పూయిస్తావటే ముసలీ?" అన్నాడు పద్మాకరుడు.

"నేనెవర్ని పూయించడానికి? అవి పూస్తాయి. నేను అడ్డం రాకుండా ఉంటాను."

రాజు ఆమె వైపు తిరిగాడు. "ఏం కావాలి నీకు?"

"మూడు మాటలు కావాలి. ఒకటి, ఈ రాలిన ఆకులు ఇక ఎవరూ ఊడవకూడదు. అవే ఆ మొక్కలకి తిండీ, దుప్పటీ. రెండు, నేను సరే అనేదాకా ఈ నేలలో ఎవరూ గునపం వేయకూడదు."

"మూడోది?"

"ఇప్పుడు తోచడం లేదు దొరా. తోచినప్పుడు అడుగుతాను."

"మాట ఇచ్చాను," అన్నాడు రాజు.

తొలకరి పడుతుండగా చుక్కమ్మ ఎడ్లబండి కట్టుకుని అడవికి వెళ్ళింది. తిరిగొచ్చిన బండిలోకి రాజు ఆశగా తొంగిచూశాడు. పువ్వు లేదు. ఆకు లేదు. మట్టి కొట్టుకుపోయిన దుంపలున్నాయి, అల్లం ముక్కల్లా, వంకరపోయిన వేళ్ళలా.

"ఇవేమిటి?" అన్నాడు తెల్లబోయి.

"ఇవి భూచంపకం. ఇవి అడవి పసుపు. ఇవి చెంగల్వకోష్టు. ముగ్గురూ నీడ బిడ్డలే. నాటిన ఏడు ఆకు వేస్తారు, మరుసటేడు పూస్తారు. ఆ పైన మనం పిలవక్కర్లేదు, ఏటా వాళ్ళే లేస్తారు."

వానల్లో చీకటి తోట నిండా ఆకు కమ్ముకుంది. వెడల్పాటి ఆకులు, నిగనిగలాడే ఆకులు, మెట్లు మెట్లుగా తిరిగిన ఆకులు. నాచమాంబ ఎడమకంటితో వాటిని చూసి, "పచ్చ గుర్తొచ్చిందిరా," అంది. రాజుకి ప్రాణం లేచొచ్చింది.

చలికాలం వచ్చింది. దగ్గు పట్టి నాచమాంబ గది దాటలేదు. రాజు ఎల్లలు చూసుకోవడానికి వెళ్ళి మూడు నెలలు తిరిగాడు. ఫాల్గుణం చివర్లో, అతను ఇంటిదారి పట్టి వస్తుండగా కోట నుంచి ఒక భటుడు వచ్చాడు.

"చుక్కమ్మ ఒక కబురు చెప్పమంది ప్రభూ. తోటలో అన్నీ దిగాయట. దొరని నిశ్చింతగా ఉండమంది."

దిగాయి. ఆ ఒక్క మాటకి రాజు ఒళ్ళు పులకరించింది. కోటలో చుట్టాలు వస్తే దిగారంటారు. రేవులో సరుకు వస్తే దిగిందంటారు. అంటే పూలు దిగాయి. అమ్మ కోసం, రెండో ఉగాదికి ముందుగానే దిగాయి.

గుర్రాన్ని పరిగెత్తించాడు. కోట చేరుతూనే తల్లిని పల్లకీ ఎక్కించాడు. పరివారాన్ని రమ్మన్నాడు. సన్నాయి వాళ్ళని కూడా రమ్మన్నాడు. దారి పొడుగునా తల్లికి చెబుతూనే ఉన్నాడు. "అన్ని రంగులూ ఉంటాయమ్మా. ఎరుపు కూడా ఉంటుంది."

చీకటి తోట వాకిలి తీశారు.

సన్నాయి సగంలో ఆగిపోయింది.

లోపల ఏమీ లేదు. పువ్వు లేదు సరికదా, ఆనాడు కమ్ముకున్న ఆకుల్లో ఒక్కటి లేదు. ఎండిన కాడల పీలికలు, వాటి మీద రాలిన నేరేడాకులు, వాటి కింద ఉత్త నేల. తోట మొత్తాన్ని ఎవరో తుడిచి పెట్టినట్టుంది. చూస్తున్నది నిజమని తెలుస్తున్నా రాజు కళ్ళు ఒప్పుకోవడం లేదు.

"దుంపనాశనం అంటే ఇదే మహాప్రభూ," అన్నాడు పద్మాకరుడు మెల్లగా.

"ఏం పూశాయిరా?" అంది నాచమాంబ పల్లకీలోంచి.

ఆ రోజు కొత్త అమావాస్య, ఉగాదికి ముందురోజు. ఎండినదేదీ కోటలో ఉండగా కొత్త సంవత్సరం రాకూడదని నెమలిదుర్గంలో కట్టుబాటు. ఎండిన ప్రతి మొక్కనీ వేళ్ళతో సహా తవ్వి మంటలో వేస్తారు. వాకిట్లో మంట అప్పటికే మండుతోంది. పద్మాకరుడి మనుషులు గునపాలతో సిద్ధంగా ఉన్నారు.

"ఆజ్ఞ ఇవ్వండి," అన్నాడు పద్మాకరుడు.

రాజుకి అవమానంతో చెవులు హోరెత్తాయి. ఇచ్చిన మాట గుర్తుంది. అయినా నోరు తెరిచాడు.

"తవ్వండి."

గునపాలు పడ్డాయి. ఒక సాలు పైకొచ్చింది. గంపెడు దుంపలు మంటలో పడ్డాయి. రెండో సాలు మీదికి వెళ్ళబోతుంటే చుక్కమ్మ ఎక్కడినుంచో వచ్చి ఆ సాలు మీద కూర్చుంది.

"లే," అన్నాడు రాజు. "దిగాయని కబురు పంపావు. ఏవి?"

"దిగాయి దొరా. అబద్ధం చెప్పలేదు."

"ఎక్కడికి దిగాయి?"

"కిందికి. ఎవరైనా ఎక్కడికి దిగుతారు?"

"మా కోటలో దిగడమంటే రావడం."

"మా పల్లెలో దిగడమంటే లోపలికి పోవడం. ఆకులో సత్తువంతా దుంపలోకి దిగితే ఆకు ఎండుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ చల్లగా కూర్చుంటాం, పైరు దిగింది, ఇక భయం లేదని. ఇవి చావలేదు దొరా, పడుకున్నాయి. పడుకున్నవాళ్ళని తవ్వి లేపుతారా?"

పద్మాకరుడు నవ్వాడు. "చచ్చినవాళ్ళనీ పడుకున్నారనే అంటారులే."

ఆ మాట ముగియక ముందే మంట చిటపటలాడింది. దుంపలు ఎండుకట్టెల్లా భగ్గుమనలేదు. బుసబుసలాడుతూ నీరు కక్కాయి. పొగతో పాటు పచ్చి పసుపు వాసన గుప్పున లేచి తోటంతా నిండింది. రాజు చటుక్కున మంట వైపు తిరిగాడు. ఎండిపోయినదానికి ఈ తడి ఎక్కడిది? చచ్చినదానికి ఈ వాసన ఎక్కడిది?

"నన్ను దింపండి," అంది నాచమాంబ.

పల్లకీ దిగి, తడుముకుంటూ వచ్చి, చుక్కమ్మ పక్కన నేల మీద కూర్చుంది. చుక్కమ్మ ఆకులు తొలగించి, వేళ్ళతో కాస్త మట్టి తీసి, రాజమాత చెయ్యి పట్టుకుని ఆ గుంటలో పెట్టింది. నాచమాంబ చాలాసేపు తడిమింది.

"గట్టిగా ఉందిరా భానూ. చచ్చినదైతే మెత్తబడేది. దీనికి ముక్కు కూడా మొలిచింది, సూదిగా. ఇటు రా, నువ్వూ పెట్టు చెయ్యి."

రాజు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టాడు. చల్లని మట్టిలో వాడిగా ఒక మొగ్గ అతని వేలిని పొడిచింది. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తిరిగి మంట వైపు చూడలేకపోయాడు.

"మూడో మాట ఇప్పుడు తోచింది దొరా," అంది చుక్కమ్మ. "వాన పడేదాకా ఆగండి. అంతే."

"వాన రెండు నెలలకి పడుతుంది. వైద్యుడు చెప్పిన గడువు రేపటితో సరి."

"గడువు వైద్యుడు పెట్టాడు. కన్ను పెట్టలేదు," అంది నాచమాంబ. "నేనూ ఆగుతాను. ఆ ముక్కు ఏ రంగో చూడకుండా నా కన్ను మాత్రం ఎక్కడికి పోతుంది?"

గునపాలు వెనక్కి వెళ్ళాయి.

ఉగాది వెళ్ళింది. చైత్రం వెళ్ళింది. వైశాఖంలో ఎండలు రాళ్ళని పేల్చాయి. రాజు రోజూ పొద్దున్నే చీకటి తోటకి వెళ్ళి ఉత్త నేలని చూసి వచ్చేవాడు. తల్లి దగ్గరికి వెళ్ళి ఒక వేలు చూపించి "ఎన్ని వేళ్ళమ్మా?" అని అడిగేవాడు. "ఒకటి" అనేది. ఒక్కోనాడు ఆలోచించి అనేది. ఆ ఆలోచించే క్షణం అతనికి ఏడాదిలా ఉండేది.

ఒక సాయంత్రం ఉరుము ఉరిమి పెద్ద వాన పడింది.

తెల్లవారి రాజు వాకిలి తీసి, గడప మీదే ఆగిపోయాడు.

నేల పూసింది. చెట్టు లేదు, కాడ లేదు, ఆకన్నది లేదు. నిన్నటిదాకా ఉత్త నేలగా ఉన్న చోట మట్టిని చీల్చుకుని పూలు లేచాయి. తెల్లని రేకులు, వాటి మధ్య ఊదారంగు పెదవులు. ఒకటి కాదు, పది కాదు, నేరేడు మొదళ్ళ చుట్టూ, గోడ వారనా, అడుగు పెట్టే సందు లేకుండా ఉన్నాయి. ఇన్ని రోజులూ రాజు దీని మీదే నడిచాడు.

తల్లిని తీసుకొచ్చాడు. నాచమాంబ నేలకి వంగి, ఇంకా వంగి, పువ్వుకి జానెడు దూరంలో కన్ను పెట్టి చూసింది.

"ఊదా," అంది. "నా పెళ్ళిచీర అంచురా భానూ."

జ్యేష్ఠంలో అడవి పసుపు గులాబి రంగు కిరీటాలు పెట్టుకుని లేచింది. ఆమె దాన్నీ చూసింది. "ఎరుపు ఏదే చుక్కా?" అని అడిగింది.

"అది చెంగల్వకోష్టుది తల్లీ. వానలు ముదరాలి."

"అయితే ఉండాలన్నమాట," అంది నాచమాంబ.

ఉంది. శ్రావణంలో ఆడమనిషి ఎత్తు కాడల చివర ఎర్రని మొగ్గలు మొలిచి, వాటిలోంచి తెల్లని పూలు విచ్చుకున్నాయి. నాచమాంబ ఆ ఎరుపుని ఎడమకంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసి అంది.

"కారం కాదురా భానూ. ఎరుపే."

పద్మాకరుడు అక్కడే ఉన్నాడు. పాపం, అతనూ నిర్ఘాంతపోయి ఉన్నాడు.

"శాస్త్రంలో ఇది లేదే," అన్నాడు.

"నా చీపురు ఖాళీగా ఉంది బాబూ, పట్టుకో," అంది చుక్కమ్మ. "పట్టుకుని ఊరికే నిలబడు. ఊడవకుండా ఉండటమే ఇక్కడి పని. నేర్చుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది."

తోట అంతా పూసినా ఒక్క సాలు మాత్రం ఉత్తగా ఉండిపోయింది. కొత్త అమావాస్య నాడు తవ్వి కాల్చిన సాలు అది. అక్కడ వేరే దుంపలు నాటుదామని చుక్కమ్మ అంటే రాజు వద్దన్నాడు. అటువైపు వెళ్ళినప్పుడల్లా దాని ముందు ఒక్క క్షణం ఆగి తలవంచి వెళ్ళేవాడు. ఆ ఏటి నుంచి కొత్త అమావాస్య మంట చీకటి తోట దరిదాపులకి రాలేదు.

చలికాలం తిరిగొచ్చింది. ఆకులు పండాయి, ఎండాయి, దిగాయి. ఒకనాటి పొద్దున రాజు తల్లి గదికి వెళ్ళి ఎప్పటిలా వేలు చూపించాడు.

"ఎన్ని వేళ్ళమ్మా?"

ఆమె ఏమీ అనలేదు. అతని వేలు గాలిలోనే ఆగిపోయింది. ఎన్నాళ్ళుగానో తెలిసిన సంగతే, అయినా పిడుగు పడ్డట్టే ఉంది.

"అమ్మా, చూపు పోయిందా?"

నాచమాంబ చెయ్యి చాచి అతని వేలు పట్టుకుంది.

"పోలేదురా. దిగింది. పచ్చా, ఊదా, గులాబీ, ఎరుపూ, అన్నీ లోపలే ఉన్నాయి. నువ్వు తవ్వకు, అంతే."

మళ్ళీ తొలి వాన పడ్డ పొద్దున ఆమె చీకటి తోటలో నేల మీద కూర్చుంది. చేతితో తడిమి, ఏ మూల ఏది పూసిందో, ఏ రంగు పూసిందో, కోటలో పిల్లలందరికీ తనే చెప్పింది. ఒక్క రంగు తప్పు పోలేదు.

కనబడకుండా దిగినదాన్ని పోయిందనుకుని తవ్విపోసేవాడికి బూడిద దక్కుతుంది, దిగిందని తెలిసి ఓపిక పట్టినవాడికి పువ్వు దక్కుతుంది.